చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల ప్రభుత్వ అడవులు, గడ్డి భూములు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాణహితకు ఆవలి ఒడ్డున మహారాష్ట్రలో ఉన్న సిరోంచ, అహేరి, గోండ్‌పిప్రి, రాజురా, బల్లార్‌పూర్ ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలకు అడవితో ఏడాది పొడవునా పని పడుతూనే ఉంటుంది. ఎండలు ముదిరే వేళ విప్పపువ్వు ఏరుతారు, మే నెలలో తునికాకు కోస్తారు, వానలు పడగానే పశువులను మేతకు తోలుతారు, చలికాలంలో చుట్టాలు వస్తే తాడోబాకో అల్లాపల్లికో తీసుకెళ్తారు. ఈ పనులన్నిటికీ నియమాలు ఉన్నాయి, కానీ ఆ నియమాలు తెలిపే నోటీసులు, తీర్మానాలు, దరఖాస్తులు మరాఠీలోనే వస్తాయి. అందువల్ల మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలను, వాటికి జవాబులను తెలుగులో ఒకచోట చేర్చడమైనది.

మన చుట్టూ ఉన్న అడవి అంతా ఒకే అధికారి కింద ఉంటుందా?

ఉండదు, చాలా చిక్కులు ఇక్కడే మొదలవుతాయి. ఒకే కాలిబాట మీద రెండు గంటలు నడిస్తే మూడు నాలుగు రకాల పాలనల గుండా వెళ్లవలసి రావచ్చు. మొదటిది అటవీ శాఖలోని ప్రాదేశిక విభాగం. సిరోంచ, అల్లాపల్లి, భామ్రాగఢ్, గడ్చిరోలి, వడసా డివిజన్లు గడ్చిరోలి జిల్లాలోనూ, చంద్రపూర్, బ్రహ్మపురి, మధ్య చాందా డివిజన్లు చంద్రపూర్ జిల్లాలోనూ ఈ విభాగం కిందికి వస్తాయి. రెండవది వన్యప్రాణి విభాగం. తాడోబా-అంధారి పులుల అభయారణ్యం, 1986లో ఏర్పడిన చప్రాలా అభయారణ్యం వంటివి దీని పరిధిలోవి. మూడవది 1974లో ఏర్పడిన మహారాష్ట్ర అటవీ అభివృద్ధి సంస్థ, ఇది ప్రధానంగా టేకు తోటలు పెంచి, కలప అమ్ముతుంది. నాలుగవది గ్రామసభ. అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు పొందిన ఊళ్లలో ఆ అడవిని కాపాడే, నిర్వహించే అధికారం ఊరిదే.

కనుక ఏ పని తలపెట్టినా ముందుగా తెలుసుకోవలసింది ఆ చోటు ఏ కంపార్టుమెంటులో, అంటే అడవిని సంఖ్యలు వేసి విభజించిన ఏ భాగంలో, ఉందన్న సంగతి. మరాఠీలో దానిని కక్ష క్రమాంక్ అంటారు. బీట్ గార్డును ఆ సంఖ్య అడిగితే, అది రిజర్వు అడవా, రక్షిత అడవా, అభయారణ్యమా, సామూహిక హక్కు ఉన్న అడవా అన్నది తేలిపోతుంది.

జుడ్పీ జంగిల్ అని రికార్డుల్లో ఉన్న భూమి అడవి కిందికి వస్తుందా?

వస్తుంది. నాగపూర్, వార్ధా, భండారా, గోందియా, చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల రెవెన్యూ రికార్డుల్లో మాత్రమే కనిపించే వర్గం ఇది. పొదలు తప్ప పెద్ద చెట్లు ఎదగని పలుచని నేలలను, ఊరి పశువులు మేసే బయళ్లను పూర్వం ఈ పేరుతో రాసుకున్నారు. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు, రికార్డుల్లో అడవిగా నమోదైన భూమికి యజమాని ఎవరైనా సరే అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుందని ఆదేశించింది. జుడ్పీ భూములు కూడా ఆ ఆదేశానికి అనుగుణంగా అటవీ భూములేనని 2025 మే 22న అదే న్యాయస్థానం తీర్పు చెప్పింది. అందువల్ల అటువంటి చోట కొత్తగా ఇల్లు కట్టడానికి గాని, సాగు చేయడానికి గాని, ప్లాట్లు కొనడానికి గాని పూనుకునే ముందు తహసీలు కార్యాలయంలో ఆ భూమి సాత్‌బారా పత్రాన్ని, అంటే భూమి వివరాలు ఉండే 7/12 రెవెన్యూ నకలును, చూసుకోవాలి. ప్లాట్లు అమ్మేవారి మాటను నమ్మి డబ్బు కట్టవద్దు.

చెట్లు లేని గడ్డి భూమిని కాపాడవలసిన అవసరం ఏమిటి? అది ఎలాగూ ఖాళీగానే ఉంది కదా?

ఈ ప్రశ్న అడగనివారు లేరు. గడ్డి భూమిని ఖాళీ భూమిగా చూడటం ఇంగ్లీషువారి రెవెన్యూ పద్ధతి నుంచి వచ్చిన అలవాటు. పన్ను రాని నేలను, కలప ఇవ్వని నేలను వ్యర్థ భూమి అని రాసుకున్న ఆ లెక్క ఇప్పటికీ మన ఆలోచనలో మిగిలి ఉంది. దక్కను పీఠభూమిలో గడ్డి దానంతట అది పెరిగే నేలలు అనేకం ఉన్నాయి. నేల పలుచగా, రాతి పొర దగ్గరగా ఉండి, వాన నాలుగు నెలల్లోనే ముగిసిపోయే చోట చెట్టు కన్నా గడ్డే బాగా నిలబడుతుంది. అక్కడ గడ్డి దశాబ్దాల తరబడి ఒకే మొదలు నుంచి చిగురిస్తూ ఉంటుంది. పైన ఎండిపోయినట్లు కనిపించినా కింద వేళ్లు బతికే ఉంటాయి, మొదటి వానకే లేస్తాయి. ఆ వేళ్ల అల్లికే మట్టిని కొట్టుకుపోకుండా పట్టుకుంటుంది, వాన నీటిని నేలలోకి దింపుతుంది. ఊరి పైభాగంలో మంచి గడ్డి బయలు ఉన్న చోట కింది చెరువులో పూడిక తక్కువగా ఉండటాన్ని రైతులు ఎవరైనా గమనించి ఉంటారు.

జీవజాలం మాట కూడా చెప్పాలి. చుక్కల జింక, నీలగాయి, అడవి దున్న ముఖ్యంగా గడ్డి మీద ఆధారపడతాయి, వాటి మీద పులి ఆధారపడుతుంది. తోడేలు, కృష్ణజింక, కుందేలు, పూరేడు పిట్టలకు దట్టమైన అడవి పనికిరాదు, వాటికి బయలే ఇల్లు. బట్టమేక పిట్ట ఒకప్పుడు చంద్రపూర్ జిల్లా వరోరా ప్రాంతంలో పొలాల నడుమ, గడ్డి బయళ్లలో కనిపించేది. దేశమంతటా ఆ పిట్ట అంతరించే దశకు రావడానికి వేటతో పాటు, దాని బయళ్లు సాగులోకి, తోటల్లోకి, కరెంటు తీగల కిందికి పోవడం కూడా కారణం. అడవిని నరికితే పదిమంది ప్రశ్నిస్తారు గాని గడ్డి బయలును దున్నేస్తే అడిగేవారు ఉండరు. ఈ ప్రాంతంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించే విషయం అదే.

అయితే గడ్డి బయళ్లలో మొక్కలు నాటడం మంచి పని కాదా?

చోటును బట్టి ఉంటుంది. చెట్లు నరికివేయగా బోడిగా మారిన అడవిలో, ఊరి రోడ్ల వెంట, చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద నాటడం మంచిదే. సహజమైన గడ్డి బయలులో గుంతలు తవ్వి నాటితే మాత్రం రెండు నష్టాలు కలుగుతాయి. తవ్వినప్పుడు గడ్డి మొదళ్లు తెగిపోయి ఆ చోటును లంటానా, వయ్యారిభామ ఆక్రమిస్తాయి. నాటిన చెట్లు బతికితే వాటి నీడకు మిగిలిన గడ్డి చనిపోతుంది. మహారాష్ట్ర ప్రభుత్వం 2017 నుంచి 2019 వరకు మూడేళ్లలో 50 కోట్ల మొక్కలు నాటాలన్న లక్ష్యం పెట్టుకుంది. అంత పెద్ద సంఖ్య పెట్టుకున్నప్పుడు, సులభంగా గుంతలు తవ్వగల తెరిపి నేలల వైపే సిబ్బంది దృష్టి పోవడం సహజం. మీ ఊరి గైరాన్‌లో, అంటే మన తెలంగాణ పల్లెల్లో బంచరాయి అనే భూమిలో, నాటే పని వస్తే గ్రామసభలో ముందుగా ఒక మాట అడగండి: ఈ నేలలో ఇప్పుడు ఏ గడ్డి ఉంది, పశువులు ఏ నెలల్లో మేస్తున్నాయి? ఆ రెండిటికీ జవాబు రాసిన తరువాతనే తీర్మానం చేయడం ఊరికి మేలు.

తాడోబాలో ఊళ్లు ఖాళీ చేసిన చోట పచ్చిక మైదానాలు ఎలా ఏర్పడ్డాయి? వాటిని ఎలా నిర్వహిస్తారు?

తాడోబా లోపలి భాగంలో ఉన్న నవేగావ్, జామ్ని వంటి ఊళ్లు తరలివెళ్లిన తరువాత వాటి పొలాలు, మందబయళ్లు గడ్డి మైదానాలుగా మారాయి. ఇప్పుడు చుక్కల జింకలు మందలుగా కనిపించేది ఆ చోట్లనే. చూసేవారికి ఇది దానంతట అదే జరిగినట్లు అనిపిస్తుంది. నిజానికి దున్నడం మానేసిన పొలంలో మొదట వచ్చేది మంచి గడ్డి కాదు. తగిరిస, సీమ తులసి, లంటానా వంటి జంతువులు ముట్టని మొక్కలు ముందుగా కమ్ముకుంటాయి. వాటిని అలాగే వదిలేస్తే కొన్నేళ్లలో అది పొదల తుప్పగా మారిపోతుంది.

అందువల్ల పని ఋతువును అనుసరించి సాగుతుంది. వానాకాలంలో నేల మెత్తగా ఉన్నప్పుడు, కలుపు మొక్కలు పూతకు రాకముందే వేళ్లతో సహా పీకివేస్తారు. పూత తరువాత పీకితే విత్తనం నేలకు చేరిపోతుంది కనుక ఆ శ్రమ దాదాపు వృథా అవుతుంది. చలికాలం మొదట్లో మంచి గడ్డి గింజ పట్టినప్పుడు ఆ గింజను సేకరించి నిలవ చేసుకుని, మరుసటి వానకు ముందు పలుచగా ఉన్న చోట చల్లుతారు. మార్వెల్, పవన్యా అని మరాఠీలో పిలిచే గడ్డి రకాలు పశువులకూ జింకలకూ ఇష్టమైనవి, ఏళ్ల తరబడి నిలిచేవి. ఈ రెండు జాతులు కలిసి పెరిగే గడ్డి నేలలే ద్వీపకల్ప భారతంలో విస్తారంగా ఉన్నాయి. అదే చోట బట్టలకు గుచ్చుకునే సూది గింజల కుసళి గడ్డి ఒక్కటే మిగిలిందంటే, ఆ నేలను అతిగా మేపారని గాని పదే పదే కాల్చారని గాని అనుమానించాలి. ఇదే పరీక్ష ఊరి బయలుకు కూడా పనికివస్తుంది.

ఊళ్ల తరలింపు గురించి కూడా స్పష్టంగా చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేసిన సవరణ ప్రకారం పులుల అభయారణ్యపు కోర్ ప్రాంతం, అంటే లోపలి భాగం, నుంచి తరలింపు పరస్పర అంగీకారంతో, స్వచ్ఛందంగా మాత్రమే జరగాలి. అంతకు ముందు అటవీ హక్కుల గుర్తింపు పూర్తి కావాలి, గ్రామసభ తెలిసి ఇచ్చిన సమ్మతి ఉండాలి. మైదానం అందంగా తయారైందన్న కారణం ఈ షరతులను దాటవేయడానికి సాకు కాకూడదు.

విప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాల్చడం తరతరాలుగా ఉన్నదే కదా, ఇప్పుడు ఎందుకు వద్దంటున్నారు?

మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలే పువ్వు ఎండుటాకుల్లో కనబడదు కనుక చెట్టు కింద నిప్పు పెట్టి నేల శుభ్రం చేసుకోవడం ఉన్న అలవాటే. తునికి చెట్టుకు లేత ఆకు బాగా రావాలని కాల్చడం కూడా ఉంది. ఒకప్పుడు అడవి విస్తారంగా, ఏరేవారు కొద్దిమందిగా ఉన్నప్పుడు ఆ నిప్పు ఎక్కడికక్కడ ఆరిపోయేది. ఇప్పుడు ఒకే కొండ మీద పది చోట్ల ఒకే వారంలో నిప్పు లేస్తున్నది. టేకు, మద్ది, వెదురు అడవుల్లో ఫిబ్రవరి నుంచి మోకాలి లోతు ఎండుటాకు ఉంటుంది, గాలి తోడైతే మంట ఆపడం ఎవరి తరమూ కాదు. పెద్ద చెట్లు తట్టుకుంటాయి గాని నిరుడు మొలిచిన విప్ప, మద్ది, ఉసిరి మొక్కలు కాలిపోతాయి. ఏటా కాలే అడవిలో ముసలి చెట్లు ఉంటాయి, పిల్ల చెట్లు ఉండవు. విప్ప చెట్టును నమ్ముకున్న కుటుంబానికి ఇంతకన్నా పెద్ద నష్టం లేదు, ఎందుకంటే మనుమల కాలానికి పూసే చెట్లు ఇప్పుడు ఆ మొక్కలుగానే ఉన్నాయి.

దీనికి బదులు చెట్టు కింద ఆకును చీపురుతో ఊడ్చి దూరంగా కుప్ప వేయవచ్చు, లేదా పాత చీరలు, వలలు పరచి పువ్వును వాటి మీదనే పట్టుకోవచ్చు. వలలో పడిన పువ్వుకు మట్టి, బూడిద అంటదు కనుక మంచి ధర అడగడానికి కూడా వీలవుతుంది. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1927 నాటి భారత అటవీ చట్టం 26వ సెక్షను కింద, అభయారణ్యంలో నిప్పు పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షను కింద నేరాలన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అటవీ శాఖవారే కొన్ని చోట్ల గడ్డిని కాలుస్తారు. వారికి ఒక న్యాయం, మాకు ఒక న్యాయమా?

ఈ అనుమానం న్యాయమైనదే. వారు కాల్చేది ఫైర్ లైన్లు, మరాఠీలో జాళరేషలు. రోడ్ల వెంట, కంపార్టుమెంటు సరిహద్దుల వెంట కొన్ని మీటర్ల వెడల్పున గడ్డి కోసి, ఎండిన తరువాత, మంచు తేమ ఇంకా ఉన్న చలికాలపు రోజుల్లో సిబ్బంది దగ్గరుండి కాలుస్తారు. ఫిబ్రవరి మధ్యలో అగ్ని కాలం మొదలయ్యేలోపు ఈ పని ముగియాలి. తరువాత ఎండాకాలంలో ఎక్కడ నిప్పు లేచినా ఆ కాలిన గీత దగ్గర దానికి తినడానికి ఏమీ దొరక్క ఆగుతుంది. ఫైర్ లైన్లు సకాలంలో పూర్తి కాని ఏడాది అడవి ఎక్కువగా కాలుతుంది కనుక, మీ ఊరి పక్క లైను జనవరి చివరికి తయారైందా లేదా అని గ్రామసభ అడగవచ్చు, అడగాలి కూడా.

భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల ద్వారా మంటలను గుర్తించి సంబంధిత సిబ్బందికి సంక్షిప్త సందేశాలు పంపుతుంది. ఆ హెచ్చరికలకు పౌరులు కూడా పేరు నమోదు చేసుకోవచ్చు. ఉపగ్రహం మీ ప్రాంతం మీదుగా వెళ్లినప్పుడే మంట దానికి కనబడుతుంది కనుక, కళ్లారా చూసినవారు 1926 నంబరుకు ఫోను చేయడం ఇప్పటికీ అవసరం. ఇది మహారాష్ట్ర అటవీ శాఖవారి సహాయ నంబరు.

అడవిలో పశువులను మేపవచ్చా?

జాతీయ ఉద్యానంలో మేపరాదు. అభయారణ్యంలో ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని నియంత్రణకు లోబడి ఉంటుంది. మిగిలిన అడవుల్లో అటవీ శాఖ నియమాలను బట్టి, సామూహిక హక్కు ఉన్న చోట గ్రామసభ నియమాన్ని బట్టి మేపవచ్చు. అటవీ హక్కుల చట్టం 3(1)(డి) సెక్షను మేత హక్కును, సంచార పశుపోషకుల కాలానుగుణమైన హక్కును కూడా గుర్తిస్తుంది. నదికి ఆవలి నుంచి గొర్రెల మందలతో వచ్చే గొల్లకురుమలకు ఈ సంగతి తెలియక ప్రతి ఏటా దారిలో ఇబ్బంది పడటం కనిపిస్తుంది. వారు వచ్చే బాట, ఆగే చోటు, ఉండే రోజులు గ్రామసభ పుస్తకంలో రాయించుకుంటే ఇరుపక్షాలకూ తగవు తప్పుతుంది.

ఎలా మేపాలన్నది హక్కు కన్నా ముఖ్యం. జూన్‌లో లేత గడ్డి లేవగానే మొత్తం బయలు మీదికి మందను వదిలితే గడ్డి గింజ పట్టదు. బయలును మూడు భాగాలు చేసి, ఒక భాగాన్ని గింజ రాలేదాకా మూసి ఉంచి, ఏటేటా ఆ మూసే భాగాన్ని మార్చుకుంటే ఎండాకాలానికి కోసుకునే గడ్డి కూడా మిగులుతుంది. ఇంకొక జాగ్రత్త టీకాలది. గాలికుంటు, గొంతువాపు వంటి జబ్బులు మన పశువుల నుంచి అడవి జంతువులకు సోకుతాయి. సిరోంచ ప్రాంతంలోని కోలామార్కాను 2013లో సంరక్షణ రిజర్వుగా ప్రకటించింది అక్కడ మిగిలిన అడవి బర్రెల కోసమే. దేశం మధ్యభాగంలో ఆ జాతి మిగిలిన చోట్లు చాలా తక్కువ. అక్కడ ఊరి బర్రెలు వాటితో కలవడం వల్ల జబ్బు ఒక్కటే కాక జాతి సంకరం కూడా ప్రమాదమే. సంరక్షణ రిజర్వు ప్రకటించినంత మాత్రాన ఊరివారి హక్కులు పోవు. ప్రకటనకు ముందు స్థానికులను సంప్రదించాలని, నిర్వహణ కమిటీలో పంచాయతీ ప్రతినిధులు ఉండాలని చట్టంలోనే ఉంది.

సామూహిక అటవీ హక్కు అంటే ఏమిటి? మా ఊరికి ఎలా వస్తుంది?

2006 నాటి అటవీ హక్కుల చట్టం 3(1)(ఐ) సెక్షను, ఊరు సంప్రదాయంగా కాపాడుకుంటూ వాడుకుంటున్న అడవిని రక్షించే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కును ఆ ఊరికే ఇస్తుంది. ఇది రిజర్వు అడవికీ, అభయారణ్యానికీ కూడా వర్తిస్తుంది. గ్రామసభ అటవీ హక్కుల కమిటీని ఎన్నుకుని, ఊరి అడవి ఎల్లలను పెద్దల సాక్ష్యంతో, పటంతో గుర్తించి, సి ఫారంలో దరఖాస్తు పెట్టాలి. అది ఉపవిభాగ స్థాయి కమిటీకి, అక్కడి నుంచి జిల్లా స్థాయి కమిటీకి వెళ్తుంది. ఈ గ్రామసభకు 2012 నియమాల ప్రకారం సభ్యుల్లో కనీసం సగం మంది హాజరు కావాలి, హాజరైనవారిలో మూడింట ఒక వంతు స్త్రీలు ఉండాలి. కోరం లేకుండా చేసిన తీర్మానాలు తరువాత తిరిగి వస్తాయి కనుక హాజరు పట్టీ జాగ్రత్తగా రాయాలి.

గడ్చిరోలి జిల్లా ధానోరా తాలూకాలోని మేంఢా లేఖా గ్రామం 2009లో ఈ హక్కును పొందింది, దేశంలో మొట్టమొదట పొందిన ఊళ్లలో అది ఒకటి. పత్రం వచ్చినా వెదురు అమ్ముకునే స్వేచ్ఛ వెంటనే రాలేదు. 2011లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ స్వయంగా వచ్చి రవాణా అనుమతి పుస్తకాన్ని గ్రామసభ చేతికి ఇచ్చిన తరువాతనే అమ్మకం సాగింది. ఆ మరుసటి ఏడాది వచ్చిన నియమాలు ఈ అనుమతి ఇచ్చే అధికారం గ్రామసభ కమిటీదేనని స్పష్టం చేశాయి.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ చంద్రపూర్ జిల్లా గోండ్‌పిప్రి తాలూకాలోని పాచ్‌గావ్. 2012లో హక్కు వచ్చాక ఆ ఊరివారు వెదురును తామే కొట్టి అమ్ముకుంటూ, కొంత అడవిని ఏమీ తీయని దేవరాయిగా, అంటే దేవుని అడవిగా, విడిచిపెట్టారు. తునికాకు కోత వల్ల కొమ్మలు నరకవలసి వస్తున్నదని, నిప్పు పెట్టవలసి వస్తున్నదని, పండు రాకుండా పోతున్నదని ఆలోచించి, డబ్బు వచ్చే ఆ పనిని వారంతట వారే మానుకున్నారు. ఇలాంటి నిర్ణయం ఏ అధికారి ఆదేశించినా ఊరు వినేది కాదు. హక్కు చేతికి వచ్చిన తరువాత బాధ్యత ఎలా వస్తుందో చూడాలనుకునేవారు ఆ ఊరి నియమాలను ఒకసారి అడిగి తెలుసుకోవాలి.

హక్కు వస్తే టేకు చెట్లు కొట్టి అమ్ముకోవచ్చా?

అమ్ముకోరాదు. వెదురు, తునికాకు, తేనె, మైనం, లక్క, బంక, ఔషధ మొక్కలు వంటివి చిన్న తరహా అటవీ ఉత్పత్తులు, వాటి మీద యాజమాన్యం ఊరిది. కలప ఆ నిర్వచనంలో లేదు. వెదురులో కూడా మొలక వచ్చే వానాకాలంలో నరకడం, లేత గెడను ముట్టడం పొదను చంపుతాయి కనుక ముదురు గెడలనే తీసి, ప్రతి పొదలోనూ కొన్నిటిని వదలాలి.

తాడోబా చూడాలంటే ఏ నియమాలు పాటించాలి?

తాడోబా 1955లో జాతీయ ఉద్యానమైంది, 1995లో అంధారి అభయారణ్యంతో కలిపి పులుల అభయారణ్యంగా ప్రకటించారు. కోర్ ప్రాంతం సుమారు 625 చదరపు కిలోమీటర్లు, దాని చుట్టూ అంతకన్నా పెద్ద బఫర్, అంటే అంచు ప్రాంతం, ఉంది. టికెట్టు ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకోవాలి, గుర్తింపు పత్రం వెంట ఉండాలి. మంగళవారం సెలవు. వానాకాలంలో కోర్ ద్వారాలు మూసి ఉంటాయి. 2018 డిసెంబరు నుంచి సఫారీలో మొబైల్ ఫోన్లు అనుమతించడం లేదు. ఒక జీపువారు పులిని చూసి ఫోను చేస్తే మిగిలిన జీపులన్నీ అక్కడికి దూసుకెళ్లి దారి మూసివేస్తున్నందువల్ల ఆ నిషేధం వచ్చింది.

తాడోబా చెరువు ఒడ్డున ఉన్న తారూ దేవుని గుడిని ఈ ప్రాంతపు గోండులు ఎంతో భక్తితో కొలుస్తారు, ఈ అడవికి పేరు వచ్చింది ఆ దేవుని నుంచే. పులితో పోరాడి ప్రాణం విడిచిన ఊరిపెద్ద ఆయన అని కథ చెబుతారు.

సీట్లు ఎందుకు అంత తక్కువ? ఎక్కువ జీపులు పంపితే ఊళ్లకు ఆదాయం పెరుగుతుంది కదా?

2012లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం కోర్ ప్రాంతంలో 20 శాతానికి మించి పర్యాటకానికి తెరవరాదు. ఆ ఏడాది కొన్ని నెలలు సుప్రీంకోర్టు కోర్ పర్యాటకాన్ని పూర్తిగా ఆపివేసిన తరువాత వచ్చిన నియమాలు ఇవి. పిల్లలున్న ఆడపులి రోజంతా జీపుల చప్పుడు మధ్య వేటాడలేదు, జింకలు నీటి దగ్గరకు రావడం మానేస్తాయి. ఆదాయం పెంచుకోవడానికి బఫర్ ఉంది. అగర్‌జరీ, దేవాడా, జునోనా వంటి బఫర్ ద్వారాల దగ్గర స్థానిక యువకులు గైడ్లుగా, డ్రైవర్లుగా పని చేస్తున్నారు. నా అభిప్రాయంలో బఫర్ పర్యాటకం కూడా పులి ఒక్కదాని మీదనే నడవడం మంచిది కాదు. పక్షులు, సీతాకోకచిలుకలు, గడ్డి బయళ్లు చూపే నడక యాత్రలకు జీపు అవసరం లేదు, ఆ డబ్బు నేరుగా గైడుకే అందుతుంది.

తాడోబా కాక కుటుంబంతో వెళ్లదగిన చోట్లు ఏవి?

అల్లాపల్లి దగ్గర గ్లోరీ ఆఫ్ అల్లాపల్లి అనే ఆరు హెక్టార్ల పాత అడవి ఉంది. దానిని 2014లో మహారాష్ట్రలో మొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడి టేకు చెట్ల మాను చుట్టుకొలత చూస్తే, తోటల్లో పెంచిన టేకు ఎంత చిన్నదో పిల్లలకు అర్థమవుతుంది. కమలాపూర్‌లో అటవీ శాఖవారి ఏనుగుల శిబిరం ఉంది. సిరోంచకు సమీపంలోని వడధామ్‌లో రాయిగా మారిన చెట్ల మొద్దులు ఉన్నాయి. ఆ తాలూకాలోనే పోచంపల్లి దగ్గర దొరికిన ఎముకలతో బరపాసారస్ అనే రాకాసి బల్లి అస్థిపంజరాన్ని కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో నిలబెట్టారు. వడధామ్ నుంచి చిన్న రాయి ముక్కయినా జేబులో వేసుకుని రావద్దు, పిల్లలకు ఈ మాట ముందే చెప్పాలి.

ఏటి ఒడ్డున వనభోజనాలకు అభ్యంతరం ఉందా?

రిజర్వు అడవిలో, అభయారణ్యంలో అనుమతి లేకుండా పొయ్యి వెలిగించరాదు, మైకులు పెట్టరాదు. ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతి ఒడ్డున ఊరి స్థలంలో అయితే అభ్యంతరం లేదు. అక్కడ కూడా ఫిబ్రవరి నుంచి మే వరకు ఇసుక తిన్నెల మీద నది పిట్టలు నేలమీదనే గుడ్లు పెడతాయి, గుడ్లు ఇసుక రంగులోనే ఉంటాయి కనుక తొక్కేదాకా కనబడవు. తిన్నెల మీదికి బండ్లు దింపకుండా ఉంటే చాలు. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు సిరోంచ వచ్చిన జనాన్ని చూసినవారికి, ఘాట్ల దగ్గర చెత్త ఏర్పాట్లు ముందే చేసుకోవడం ఎంత అవసరమో తెలుసు.

పులులు, ఏనుగులు రాష్ట్రాల సరిహద్దు దాటి వస్తుంటే బాధ్యత ఎవరిది?

జంతువు ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి అటవీ శాఖది. అయితే జంతువులకు మన సరిహద్దులు తెలియవు. యవత్మాల్ జిల్లా టిపేశ్వర్ నుంచి 2019లో బయలుదేరిన, రేడియో పట్టీ ఉన్న ఒక మగపులి ఆదిలాబాద్ మీదుగా తిరిగి చివరకు బుల్దానా జిల్లా జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. 2021లో అడవి ఏనుగుల మంద ఛత్తీస్‌గఢ్ మీదుగా గడ్చిరోలి చేరి వరి పొలాల్లో దిగింది. తాడోబాకూ తెలంగాణలోని కవ్వాల్‌కూ నడుమ 2021లో ప్రకటించిన కన్హర్‌గావ్ అభయారణ్యం ఈ రాకపోకల దారిలోనే ఉంది. ఆ దారిలో ఉన్న చిన్న చిన్న జుడ్పీ తునకలు, వాగు గట్లు, గైరాన్లు పులికి పగటిపూట దాగే చోట్లు. అవి పోతే పులి పత్తి చేలలో దాగుతుంది.

తునికాకు, విప్పపువ్వు కాలంలో పులి నుంచి ఎలా జాగ్రత్తపడాలి?

పొద్దు బాగా పైకి వచ్చాక వెళ్లాలి, ఒంటరిగా వెళ్లరాదు, వంగి ఆకు కోసేవారి దగ్గర ఒకరు నిలబడి నాలుగు దిక్కులా చూస్తుండాలి. వంగిన మనిషి పులి కంటికి నాలుగు కాళ్ల జంతువులా కనిపించవచ్చు. పులి పిల్లలతో తిరుగుతున్న కంపార్టుమెంటు ఏదో బీట్ గార్డును అడిగి ఆ చోటును ఆ వారం విడిచిపెట్టాలి. పశువును చంపిన పులి ఆ కళేబరం దగ్గరకు మళ్లీ వస్తుంది కనుక చూడటానికి గుంపుగా పోవడం ప్రాణాంతకం.

పశువు చనిపోతే పరిహారం కోసం ఏం చేయాలి?

కళేబరాన్ని కదిలించకుండా వెంటనే బీట్ గార్డుకు గాని, రేంజ్ కార్యాలయానికి గాని, 1926కు గాని తెలియజేయాలి. సిబ్బంది వచ్చి పంచనామా రాసేటప్పుడు ఊరివారు ఇద్దరు సాక్షులుగా ఉండటం మంచిది. పంచనామా మరాఠీలో ఉంటుంది కనుక చదివి వినిపించమని అడిగిన తరువాతనే సంతకం చేయాలి, నకలు తీసుకోవాలి. పశువుకు టీకా వేయించిన కాగితం, బ్యాంకు పాస్‌బుక్కు, ఆధార్ నకళ్లు దరఖాస్తుతో జత చేయాలి. కళేబరానికి విషం పూయడం ఎంతటి కోపంలోనైనా చేయరాని పని. అది నేరం, పైగా ఆ విషం రాబందులను, ఊరి కుక్కలను, చివరకు వాగు నీళ్లు తాగే మన పశువులను కూడా చంపుతుంది.